టోపీ నీడ

తీగల పెరడు, ఇస్త్రీ గది
అక్టోబరు 4

ఒరేయ్ ఆగూ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అని నోరు తెరవకు. ఫోన్ చేస్తే "అక్కా, ఇక్కడ సిగ్నల్ లేదు" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు. పైగా నేను ఫోన్లో అరుస్తానని నీ ఫిర్యాదు. ఉత్తరంలో అరవాలన్నా కామాలూ చుక్కలూ పెట్టుకుంటూ అరవాలి కాబట్టి నీ చెవులకి భయం లేదు.

మా తీగల పెరటికి రమ్మని నిన్ను ఆరుసార్లు పిలిచాను. ఆరుసార్లూ చంద్రుడే అడ్డొచ్చాడు. ఒకసారి నిండుగా ఉన్నాడన్నావు, ఒకసారి సన్నగా ఉన్నాడన్నావు, ఒకసారి అసలు లేడు కాబట్టి నక్షత్రాలు బాగుంటాయన్నావు. ఉన్నా తప్పే, లేకపోయినా తప్పే. చూడనివాడికి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, విను.

మేం పన్నెండుమంది ఆడవాళ్లం. ఆవిరి లాండ్రీలో ఏళ్ల తరబడి ఒకడి కింద పనిచేశాం. రోజుకి ఎన్నిసార్లు మంచినీళ్లకి లేచామో వాడు రాసిపెట్టడం మొదలెట్టాక, ఒక ఉదయం అందరం ఒకేసారి బయటికొచ్చేశాం. తొమ్మిదేళ్లయింది. రెండు ఆసుపత్రుల దుప్పట్లూ దిండు గలీబులూ ఉతుకుతాం. ఉతికే తొట్లు కొనుక్కున్నాం గానీ ఆరబెట్టే యంత్రం కొనలేదు. అది కావాలంటే మళ్లీ ఎవడో ఒకడి కిందికి పోవాలి. ఎండకి యజమాని లేడు. ముప్ఫై మీటర్ల పెరడు, పదహారు వరసల తీగలు, పైన సూర్యుడు. మేం ఎవరి కిందా లేకపోవడానికి మా ధైర్యమే కారణమని సభల్లో చెప్తుంటాను. అసలు కారణం ఎండ.

ఇప్పుడు వీధికి అవతల, సరిగ్గా దక్షిణాన, పద్నాలుగు అంతస్తుల భవనం లేస్తోంది. పునాది అయింది, పద్నాలుగో అంతస్తు ఎత్తున చెయ్యి చాపుకుని క్రేను నిలబడింది. మా ఎండ సంగతేమిటని మున్సిపాలిటీకి అర్జీ పెడితే, కంపెనీవాళ్లు "నీడ నివేదిక" అని ఒక పుస్తకం పడేశారు. అందులో మా పెరటి ఫోటో ఉంది. జూన్ ఇరవై ఒకటి, మిట్టమధ్యాహ్నం. దుప్పట్లు తెల్లగా మెరిసిపోతున్నాయి. కింద లెక్క: భవనం నీడ పదమూడు మీటర్లు, వీధి వెడల్పు పదిహేను. అంటే నీడ వీధి కూడా దాటదట! ఆ పక్కనే ఒక వాక్యం: "ఈ భవనం పాదచారులకు చల్లని నీడనిస్తుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. నీడనివ్వడమట! దిక్కులేనివాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే నీడనిచ్చాడంటాం. మనుషుల నెత్తి మీది ఎండ లాక్కుని దానికీ నీడనివ్వడమనే పేరు. దొంగతనానికి దానమని పేరు పెట్టే విద్య వీళ్లకి ఏ బళ్లో నేర్పుతారో!

ఏడాదంతా జూనేనా? దుప్పటి ఆరనిది డిసెంబరులోరా. ఆ ఫోటో తీసిన మహానుభావుడెవడో గానీ వాడికి సూర్యుడి రాకపోకలు బాగా తెలుసు. తెలియక చేస్తే తప్పు, తెలిసి చేస్తే నేరం.

విచారణ డిసెంబరు ఇరవై మూడు, ఉదయం పది గంటలకి. ఏడాదిలో అతి చిన్న పగలు ఇరవై ఒకటి. ఆ రోజు వచ్చి మా పెరటి మీద పడబోయే నీడని ఫోటో తీసిపెట్టు. పిన్ని పెళ్లిలో అందరినీ వరసగా నిలబెట్టి, "ఆగు, ఆగు, ఆ మబ్బు పోనీ" అంటూ ముప్పావుగంట ఎండబెట్టావు. ఆ రోజే నీకీ పేరు పెట్టాం. ఈసారి మాత్రం ఆగు అనకు.

అక్క


దీపస్తంభం, కింది గది
అక్టోబరు 17

కరపత్రం అక్కా,

నీ ఉత్తరం చదివితే చెవులు నొప్పెట్టలేదు, కళ్లు నొప్పెట్టాయి.

ఆలూ లేదు చూలూ లేదు, బిడ్డకి జుట్టు దువ్వమన్నట్టుంది నీ కోరిక. ఇంకా లేవని భవనం నీడని ఎలా తియ్యమంటావు? నీడని తియ్యలేం. సూర్యుణ్ణి తియ్యొచ్చు. కెమెరాని పెరటి మధ్యలో, దక్షిణం వైపు తిప్పి, కదలకుండా బిగించాలి. ఉదయం తొమ్మిది నుంచి మూడింటిదాకా గంటకోసారి, ఒకే ఫోటో మీద మళ్లీ మళ్లీ సూర్యుణ్ణి తియ్యాలి. ఏడుగురు సూర్యులు వంకీలా వరసగా వస్తారు. అదే ఫోటోలో క్రేను కూడా ఉంటుంది. క్రేను చెయ్యి పద్నాలుగో అంతస్తు ఎత్తుకి సమానమని నువ్వే అన్నావుగా? డిసెంబరులో సూర్యుడు నడినెత్తికి రాడు, పాకుతాడు. ఏడుగురూ ఆ చేతికి దిగువనే ఉంటారు. అంటే భవనం లేచాక ఏడుగురూ దాని వెనకే. నీకు కావలసిన సాక్ష్యం అదే.

కానీ నేను రాలేను. కోప్పడకుండా విను. చంద్రుడు ఏటా ఒకేచోట ఉదయించడు. ఈశాన్యానికి జరుగుతూ జరుగుతూ ఒక హద్దుదాకా పోయి వెనక్కి తిరుగుతాడు. ఆ హద్దుకి మళ్లీ చేరడానికి పద్దెనిమిదేళ్లు దాటుతుంది. ఇక్కడ సముద్రంలో ఒక రాయి ఉంది. దాని మీద నిలబడితే, ఆ హద్దు దగ్గర లేచే నిండు చంద్రుడు సరిగ్గా దీపస్తంభం దీపం వెనక నుంచి వస్తాడు. డిసెంబరు ఇరవై రెండు సాయంత్రం. సూర్యుడు నాలుగూ ముప్ఫై ఆరుకి దిగుతాడు, చంద్రుడు పది నిమిషాలకి లేస్తాడు. గోడ మీద ఇంకా వెలుగుంటుంది. ఏడాదిన్నరగా ఆ పది నిమిషాల కోసమే ఇక్కడున్నాను. నాకు నలభై తొమ్మిది. మళ్లీ ఆ చంద్రుడు వచ్చేసరికి అరవై ఏడు దాటుతాయి. ఆ రాయి ఎక్కే కాళ్లు అప్పటికి ఉంటాయా? సూర్యుడు ఏటా వస్తాడక్కా.

పాత కెమెరా, మూడుకాళ్ల స్టాండు, సూర్యుడికి అడ్డంపెట్టే నల్లద్దం, దిక్సూచి పార్సిల్ చేశాను. ఏ గంటకి ఏం చెయ్యాలో కాగితం మీద రాశాను. సూర్యుణ్ణి ఉత్త కళ్లతో చూడకు, నల్లద్దం లేకుండా కెమెరాలోంచి అస్సలు చూడకు. నవంబరులో ఒకసారి అలవాటు చేసుకో.

ఇంకోమాట. ఆ జూన్ ఫోటో తీసినవాణ్ణి అంతగా ఉతకాల్సిన పని లేదు. ఫోటో అబద్ధం చెప్పలేదు. అడిగిన రోజుకి జవాబు చెప్పింది, అంతే.

తమ్ముడు


తీగల పెరడు, ఇస్త్రీ గది
నవంబరు 12

ఒరేయ్ ఆగూ,

సూర్యుడు ఏటా వస్తాడా? అవును, వస్తాడు. వచ్చే ఏడాదీ వస్తాడు. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుక్కూర్చున్నవాడి మీదికి వస్తాడు. మా మీదికి రాడు. నీ చంద్రుడు పద్దెనిమిదేళ్లకైనా తిరిగొస్తాడు. మా ఎండ పోతే పోయినట్టే. ఈ లెక్క నీ కాగితాల్లో లేదు.

సరే, నీ కాగితం ప్రకారం నిన్న చేశాం. ఫలితం జతపరిచాను, చూసి ఏడువు.

దిక్సూచి పెట్టి దక్షిణం కనుక్కున్నాను. కాగితంలో రాసినట్టే బల్ల మీద సమంగా పెట్టి, ముల్లు ఆగేదాకా చూసి, గీత గీసి, కెమెరా బిగించాను. తొమ్మిదింటి సూర్యుడు వచ్చాడు. పదింటి సూర్యుడు వచ్చాడు. పదకొండింటికి నేను ఆసుపత్రికి మూటలిచ్చి వచ్చేసరికి స్టాండు మీద గలీబు ఆరేసి ఉంది!

"ఇదేంటి పెద్దమ్మా?" అన్నాను, గంజిపెద్దమ్మతో. అరవై ఏళ్ల మనిషి, గంజి పెట్టడంలో ఆవిడ తరవాతే ఎవరైనా.

"మూడు కాళ్లున్నాయి, ఖాళీగా ఉన్నాయి. నిలబడ్డదేదైనా మన పెరట్లో బట్ట మొయ్యాల్సిందే" అంది.

"అది కదిలితే సూర్యుడు కదిలిపోతాడమ్మా!"

"సూర్యుడు ఎలాగూ కదులుతాడుగా. వాణ్ణి కట్టేయడానికా ఇది?"

దీనికి జవాబు నీ పార్సిల్లో పెట్టడం మర్చిపోయావు. నీ దగ్గర ఉంటే రాసి పంపు.

అదలా ఉంచి, పన్నెండు దాటాక సూర్యుడు ఫోటోలోంచి బయటికే పోయాడు. ఏడుగురిలో నలుగురే మిగిలారు. అందులో ఒకడు గలీబు దెబ్బకి జంటగా వచ్చాడు. తప్పు నీ దిక్సూచిదే. పనికిమాలిన సామాను పంపి ఉచిత సలహాలిస్తావు.

అక్క


దీపస్తంభం, కింది గది
నవంబరు 24

అక్కా,

ఒకటే ప్రశ్న. దిక్సూచి ఏ బల్ల మీద పెట్టావు?

ఇస్త్రీ బల్ల మీద కదూ? ఉత్తరం పైన "ఇస్త్రీ గది" అని రాసుకుంటున్నప్పుడైనా తట్టలేదా? నాలుగు ఇనప కాళ్లు, పైన ఇనప రేకు, పక్కనే పది కిలోల ఇస్త్రీపెట్టె! ఆ ముల్లు ఉత్తరాన్ని చూపించలేదు, ఇస్త్రీపెట్టెని చూపించింది. నువ్వేమో దానికి ఎదురు తిరిగి దక్షిణమనుకున్నావు. ప్రపంచంలో ఇస్త్రీపెట్టెని ధ్రువంగా పెట్టుకుని దిక్కులు కనుక్కున్న మొదటి మనిషివి నువ్వే.

దిక్సూచి పారెయ్. ఒక నిటారు కర్ర పాతు. మధ్యాహ్నం దాని నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉంటుందో అప్పుడు గీత గీయి. ఆ నీడ ఉత్తరానికి ఉంటుంది. దానికి ఎదురు దక్షిణం. దీనికి సామానూ అక్కర్లేదు, తమ్ముడూ అక్కర్లేడు.

గంజిపెద్దమ్మకి చెప్పు: సూర్యుణ్ణి కట్టేయడానికే నేను ఇరవై ఐదేళ్లుగా ప్రయత్నిస్తున్నాను.

నేను మాత్రం రాలేను. ఈ నెల పౌర్ణమికి అలవాటుగా రాయి ఎక్కి చూశాను. చంద్రుడు లెక్క ప్రకారమే వచ్చాడు, దీపానికి రెండు వేళ్ల పక్కన. వచ్చే నెల ఆ రెండు వేళ్లూ ఉండవు. ఇక్కడి దీపం కాపలాదారు "చందమామ రోజూ వస్తాడు, దీనికింత హడావిడా" అని నవ్వుతున్నాడు. నా మీద నవ్వేవాళ్లు నాకు రెండు చోట్లా ఉన్నారు.

తమ్ముడు


తీగల పెరడు సహకార సంఘం
డిసెంబరు 5

ఫోటోగ్రాఫర్ గారికి,

నీడ నివేదికలోని జూన్ ఫోటో చిన్నదిగా ఉండటంతో, అసలు సైజు ప్రతి కావాలని మా సంఘం మున్సిపాలిటీని అడిగింది. నిన్న వచ్చింది. గోడ కాగితమంత ఉంది. ఇస్త్రీ బల్ల మీద పరిచి పన్నెండుమందిమీ చూశాం.

ఫోటో కింది అంచున, వీధి పక్క కంచె దగ్గర, ఒక నీడ ఉంది. అరచేయంత. టోపీ పెట్టుకున్న తల నీడ. టోపీకి ఎడమపక్క అంచు కొమ్ములా పైకి లేచి ఉంది.

ఆ కొమ్ము మీకు గుర్తుండే ఉంటుంది. ఏడేళ్ల కిందట ఆ టోపీ అంచు చిరిగితే కుట్టింది నేను. దారం లాగి కుట్టేసరికి ఎత్తుగా వచ్చింది. "బాగానే ఉందక్కా, గుర్తుగా ఉంటుంది" అన్నారు మీరు. నిజమే. గుర్తుగానే ఉంది.

మీరు నాన్న కెమెరా పట్టుకున్న రోజు నుంచీ ప్రతి ఫోటోలోనూ మీ నీడ పడేది. "ముందు నీ నీడని తప్పించరా" అని ఆయన మొత్తుకునేవారు. ఆయన మాట ఎన్నడూ వినలేదు కాబట్టి దొరికారు.

లోకంలో మోసం చెయ్యడాన్ని టోపీ పెట్టడం అంటారు. నేను కుట్టిన టోపీనే నాకు పెట్టినవాణ్ణి మిమ్మల్నే చూశాను.

మా పెరడు ఎప్పుడూ చూడలేదన్నట్టు నాచేత మొదటి ఉత్తరంలో అంతా వివరంగా రాయించుకున్నారు. కెమెరా పంపారు, దిక్సూచి పంపారు, జాలి పంపారు. ఒక్క నిజం మాత్రం పంపలేదు.

ఇట్లు,
కార్యదర్శి


దీపస్తంభం, కింది గది
డిసెంబరు 10

అక్కా,

తిట్టు. కొట్టు. "మీరు" అనకు.

కంపెనీవాళ్లు పిలిచి ఒకటే అడిగారు: ఏడాదిలో ఏ రోజు, ఏ క్షణాన నీడ అన్నిటికంటే తక్కువ? నాకు తెలిసిన ప్రశ్న. నాకు తెలిసిన ప్రశ్న ఎవరైనా అడిగితే నేను మనిషిలా ఉండను, నీకు తెలుసు. జూన్ ఇరవై ఒకటి, పన్నెండూ పదకొండు నిమిషాలు అని టక్కున చెప్పాను. ఎందుకడుగుతున్నారని నేను అడగలేదు. వెలుగు గురించి అన్నీ తెలుసుకున్నాను, అది ఎవరి మీద పడుతోందో మాత్రం ఒక్కసారీ కనుక్కోలేదు. నువ్వు కరపత్రంలో రాసే వాక్యంలా ఉంది కదూ? రాసుకో.

ఏ చోటో వెళ్లేదాకా తెలియదు. స్టాండు బిగించి కళ్లెత్తితే, తీగలు. మూడో వరసలో నువ్వు. నోట్లో క్లిప్పులు పెట్టుకుని, ఆ క్లిప్పుల మధ్యలోంచే ఎవరితోనో వాదిస్తున్నావు. ఏం అంటున్నావో తెలియలేదు గానీ నువ్వే గెలుస్తున్నావని తెలిసింది.

పిలుద్దామనుకున్నాను. గడియారం చూశాను. పన్నెండూ తొమ్మిది. పిలిస్తే ఆ రెండు నిమిషాలూ పోతాయి. ఆగు, ముందు ఇది తీసేసి పిలుద్దాం అనుకున్నాను. తీశాను. తీశాక పిలవడానికి మొహం చెల్లలేదు. సామాను సర్దుకుని వచ్చేశాను.

అసలు సైజు ప్రతి నీ దగ్గరుందిగా. మూడో వరస చూడు, ఎడమ నుంచి రెండో దుప్పటి పక్కన. టోపీ కోసం వెతికావు, నిన్ను నువ్వు చూసుకోలేదు.

నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడే చెప్పాల్సింది. ప్రతి ఉత్తరం మొదట్లో అదే రాద్దామని కూర్చుని, చివరికి దిక్సూచి గురించి రాసేవాణ్ణి.

ఇప్పుడు ఏం చెయ్యమంటావో చెప్పు.

తమ్ముడు


తీగల పెరడు, ఇస్త్రీ గది
డిసెంబరు 14

ఒరేయ్,

చూశాను. మూడో వరసలో ఉన్నాను. గంజిపెద్దమ్మతో వాదిస్తున్నాను, క్లిప్పులు నానబెట్టొద్దని. ఓడిపోయాను. అదీ నీకు తప్పుగానే కనపడింది.

క్షమాపణలు దాచుకో, నా దగ్గర వాటిని ఆరేసే తీగ లేదు. ఏం చెయ్యమంటావని అడిగావు కదా. రా.

ఇరవై ఒకటిన ఎండ ఉంటుందంటున్నారు. ఆ రోజు ఫోటో తియ్యి. ఇరవై మూడున విచారణలో లేచి నిలబడి, జూన్ ఫోటో నేనే తీశాను, ఆ రోజే తియ్యమని నన్ను అడిగారు అని చెప్పు. మధ్యలో ఇరవై రెండు. నాకు తెలుసు. ఇక్కణ్ణించి అక్కడికి రెండు రోజుల ప్రయాణం, నీ చంద్రుడు పోతాడు. పద్దెనిమిదేళ్లు. అదీ తెలుసు.

తెలిసే అడుగుతున్నాను. టోపీ మర్చిపోకుండా తీసుకురా.

అక్క


దీపస్తంభం, కింది గది
డిసెంబరు 27

అక్కా,

ఉన్న ఒక్క బస్సూ పన్నెండింటిది కావడంతో విచారణ మధ్యలో పరుగెత్తుకొచ్చాను. ఏమైందో రాయి. నేను చూసినంతవరకూ ఓడిపోయేటట్టే ఉన్నాం.

ఇరవై ఒకటిన జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటున్నాను. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. నలుగురు సూర్యులు ముత్యాల్లా వచ్చారు. పన్నెండున్నరకి మబ్బు. ఎక్కడిదా మబ్బు? మూడింటిదాకా కదిలిందా? ఏడుగురిలో నలుగురితోనే మిగిలాం, నువ్వు ఇస్త్రీపెట్టెతో తీసిన ఫోటోకీ నేను తీసినదానికీ తేడా లేకుండా పోయింది. గంజిపెద్దమ్మ "దీనికి రెండు రోజులు ప్రయాణం చేసి రావాలా నాయనా" అంది చూడు, అప్పుడు ఆవిడ చేతిలోని గంజిలో మునిగిపోదామనిపించింది.

పన్నెండింటి సూర్యుణ్ణి తీశాక నువ్వు నన్ను చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి లాక్కెళ్లావు. "జూన్‌లో ఎక్కడ నిలబడ్డావో అక్కడే నిలబడు. అదే టోపీ పెట్టు. అలాగే తియ్యి. ఈసారి నేను ఎదురుగా ఉంటాను, కళ్లలోకి చూస్తూ తియ్యి" అన్నావు. శిక్ష అని తెలుసు. తీశాను. ఆ ఫోటో నేను సరిగ్గా చూసుకోను కూడా లేదు, నీకే ఇచ్చేశాను.

విచారణలో నన్ను పిలిచినప్పుడు, "జూన్ ఫోటో నాది, కింద పడ్డ టోపీ నీడ కూడా నాదే, నీడ తక్కువుండే రోజు చెప్పమన్నారు, చెప్పాను" అన్నాను. కంపెనీ తరఫున వచ్చిన టై ఆయన నా వంక చూసిన చూపుకి, ఈ ఊళ్లలో ఇక నాకు ఏ కంపెనీ పనీ దొరకదని తెలిసింది. ఆశ్చర్యంగా భోజనం బాగా సహించింది ఆ రోజు.

ఇక చంద్రుడు. వచ్చాడట. నాలుగూ నలభై ఆరుకి, సరిగ్గా నేను చెప్పినచోట, దీపం వెనక నుంచి, మబ్బు తునక లేకుండా. నేను లేనని జాలిపడి కాపలాదారు రాయెక్కి తన ఫోన్లో తీశాడు. జతపరిచాను చూడు. ఆ ఎర్రగా అడ్డంగా ఉన్నది కొండ కాదు, ఆయన బొటనవేలు. వేలి పక్కన తెల్లగా అంచు మాత్రం కనిపిస్తోందే, అది పద్దెనిమిదేళ్ల చంద్రుడు.

"బాగా వచ్చిందా?" అని అడిగాడు. బాగుందన్నాను. ఏమనమంటావు?

తమ్ముడు


తీగల పెరడు, ఇస్త్రీ గది
జనవరి 18

ఒరేయ్ ఆగూ,

బొటనవేలు చాలా బాగా వచ్చింది. ఇస్త్రీ గది గోడకి అంటించాను.

నువ్వు బస్సుకి పరుగెత్తాక జరిగింది చెప్తాను. సగం వదిలేసి వచ్చేయడం నీకు అలవాటే కాబట్టి మిగతా సగం వినడం కూడా అలవాటు చేసుకో.

నలుగురు సూర్యుల ఫోటో బల్ల మీద పెట్టాను. టై ఆయన నవ్వాడు. "కంప్యూటర్లో నలుగురేంటండీ, నలభైమందిని అతికించొచ్చు. పైగా తీసింది కార్యదర్శిగారి స్వంత తమ్ముడు. ఇది సాక్ష్యం కాదు, గారడీ." విచారణ జరుపుతున్న అధ్యక్షురాలు తల ఊపింది. పక్కనున్నాయన కాగితాలు మూసేయడం మొదలెట్టాడు. పదిహేను నిమిషాల్లో తొమ్మిదేళ్లు మడతపెట్టేస్తున్నారురా. నోరు ఎండిపోయింది. నాకు! నోరు!

అప్పుడు గంజిపెద్దమ్మ వెనక నుంచి నా వీపు పొడిచింది. "ఆ శిక్ష ఫోటో చూపించవే."

దాన్ని నేను సాక్ష్యమనుకోలేదు. నిన్ను ఏడిపించడానికి తీయించాను. అయినా సంచిలోంచి తీసి, జూన్ ఫోటో పక్కన పెట్టాను. పెట్టాక గానీ అందులో ఏముందో నాకే తెలియలేదు.

"అయ్యా, ఈ జూన్ ఫోటో నిజమైందేనా?" అని టై ఆయన్ని అడిగాను.

"నూటికి నూరుపాళ్లు. మా నివేదికలోదే."

"తీసింది?"

"మీ తమ్ముడే. ఇందాక ఆయనే ఒప్పుకున్నాడుగా."

"టోపీ నీడ అతనిదే?"

"అతనిదే."

"డిసెంబరుది కూడా అదే కంచె దగ్గర, అదే మనిషి, అదే టోపీ. కొమ్ము చూడండి, నేను కుట్టిందే. జూన్‌లో తల నీడ కాళ్ల దగ్గరే ఉంది. డిసెంబరులో ఆ తల ఎక్కడుందో కాస్త చూసి చెప్పండి."

మొదటి వరస దుప్పటి మీద ఉందిరా నీ తల! కంచె దగ్గర్నుంచి నేల మీద పాకి పాకి, దుప్పటి ఎక్కి కూర్చుంది, కొమ్ముతో సహా. అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుని స్కేలు అడిగింది. కంచె గుంజల మధ్య దూరాన్ని బట్టి తనే కొలిచింది. ఒకటి అర మీటరు, ఒకటి దాదాపు మూడున్నర.

"మనిషి పెరిగాడా?" అంది.

"లేదమ్మా, సూర్యుడు దిగాడు" అంది గంజిపెద్దమ్మ, ఎవరూ అడక్కుండానే.

"మనిషి నీడ ఏడింతలయితే పదమూడు మీటర్ల నీడ ఎంతవుతుంది?" అని అధ్యక్షురాలు టై ఆయన్ని అడిగింది. ఆయన ఫోను తీసి లెక్క వేస్తున్నట్టు నటించాడు. ఏడు పదమూళ్లకి ఫోన్ కావాలా? మా వెనక బెంచీలో ఎవరో "తొంభై ఒకటి" అని గట్టిగా చెప్పారు. వీధి పదిహేను పోతే మిగిలేది డెబ్బై ఆరు. మా పెరడు ముప్ఫై. మొత్తం మింగి, వెనక వీధి కూడా కొంత తింటుంది.

"డిసెంబరు నీడ ఎందుకు చూపించలేదు?" అని అడిగితే, "ఏ రోజుది చూపించాలో నిబంధనలో లేదండీ" అన్నాడు. ఎంత నిజాయితీ చూడు! చట్టంలో లేదు కాబట్టి డిసెంబరే లేదు. నేను ఒక అరగంట ప్రసంగానికి సిద్ధమయ్యాను గానీ అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది. జీవితంలో మొదటిసారి, ఆపినందుకు నాకు కోపం రాలేదు.

తీర్పు నిన్న వచ్చింది. అతి చిన్న పగటి రోజుకి కొత్త నివేదిక ఇవ్వాలి. పెరటికి ఎండ తగిలేలా ఎత్తు తగ్గించి కొత్త ప్లాను చూపించాలి. అందాకా ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. గెలుపనను. వాళ్లు పై మెట్టుకి పోతారు, మనమూ పోతాం. కానీ ఇవాళ పదహారు వరసల మీదా దుప్పట్లున్నాయి, మూడింటికల్లా ఆరాయి.

నిన్ను క్షమించానని అనుకోకు. ఆ రెండు నిమిషాల సంగతి ఇంకా నా దగ్గరే ఉంది. అసలు, మూడో వరసలోంచి నేనైనా తలెత్తి వీధివైపు చూసి ఉంటే! వాదనలో ఉంటే నాకూ ఏదీ కనపడదు. మన ఇంటి జబ్బే అది.

ఉదయం మున్సిపాలిటీవాళ్లు వచ్చి క్రేను మెడకి ఒక ఎర్ర పలక వేలాడదీశారు. మనిషంత అక్షరాలు. మా తీగల దగ్గర్నుంచి కళ్లజోడు లేకుండా కనిపిస్తోంది. అందరం పని ఆపి చూస్తున్నాం. పలక మీద ఉన్నది ఒకటే మాట.

గంజిపెద్దమ్మ కూడబలుక్కుని చదివి, నా వైపు తిరిగి అడిగింది:

"అదేంటే, మీ తమ్ముడి పేరు అంత పైన రాశారు?"

అక్క